వీరాస్వామి టార్చి వెలగని ఆట

తణుకులోని ఆ సినిమా హాలు తలుపు దగ్గర నిలబడ్డ వీరాస్వామి బొటనవేలికి మ్యాట్నీ మొదలు కాకముందే కుదురు పోయింది. టార్చి మీటను నొక్కుతోంది, వదులుతోంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు పాతికేళ్లుగా చీకట్లో సీట్లు చూపించిన వేలు అది. ఊరుకోమంటే ఊరుకునేది కాదు.

సంగతేమిటంటే, కిందటి వారం ఒక సినిమాలో హంతకుడు మెట్లెక్కే ఘట్టం నడుస్తుండగా వీరాస్వామి ఒక కుటుంబానికి వెలుగు పట్టాడు. దాని మీద కొందరు మేనేజరు రాజేంద్రకు గట్టిగా ఫిర్యాదు చేశారు. ఈ ఉదయం రాజేంద్ర అతన్ని పిలిచాడు.

"ఈ సినిమా మొదలే చిమ్మచీకటంట వీరాస్వామీ. నీ లైటు గురించి ఒక్క మాట వినపడిందంటే రేపట్నించి బైకుల స్టాండులో కూర్చుంటావు. తర్వాత నన్ననుకోవద్దు."

"అనుకోనండి. మరి చీకట్లో ఎవరైనా పడిపోతేనో?"

"జనాన్ని టైముకి రమ్మను."

"మనవాళ్లనాండి?" అన్నాడు వీరాస్వామి. రాజేంద్రకే నవ్వొచ్చింది గాని, మాట మాత్రం మార్చలేదు.

నిజానికి టైటిళ్లు పడుతుండగా హాల్లోకి రావడం ఈ ప్రాంతంలో తప్పు కాదు సరికదా, ఒక హోదా. తీరికగా భోజనం ముగించి, కిళ్లీ కట్టించుకుని, పక్కింటివారిని కూడా వెంటబెట్టుకుని కదా రావడం! సినిమావాళ్లూ అది తెలిసే కాబోలు, ఒకప్పుడు మొదట్లో కథ పెట్టేవారు కారు. దేవుడి పటం, పేర్ల వరుస, ఆపైన ఒక పాట. ఇప్పటి తీరు వేరు. కథకు తాళంచెవిని మొదటి నిమిషాల్లోనే తళుక్కున చూపించి దాచేస్తున్నారు. ఆలస్యంగా వచ్చినవాడు అటుపైన ఎంత వెతుక్కున్నా అది దొరకదు.

స్టాండు వద్దనుకోవడానికి, అక్కడ ఎండ ఎక్కువన్నది భోజనానికి ఇంటికెళ్లినప్పుడు వీరాస్వామి తన భార్య సంపూర్ణమ్మకు చెప్పుకున్న కారణం. అసలు కారణం అది కాదు. బయట అతన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. లోపలైతే, మొహం కనపడకపోయినా, "వీరాస్వామీ, మావి ఎక్కడయ్యా?" అని ఊరంతా పిలుస్తుంది. ఆ పిలుపు పోతుందేమోనన్నదే అతని గుబులు. చివరికి తన వేలి మీద తనకే నమ్మకం లేక, టార్చి వెనకమూత విప్పి, సెల్సు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

హాలు చీకటైంది. తెర కూడా చీకటే. సంగీతం లేదు, మాట లేదు. చెరుకు ఆకులు ఒరుసుకునే చప్పుడు, ఎక్కడో దూరాన లారీ గేరు మార్చిన మోత. జనంలో దగ్గులూ కబుర్లూ ఇంకా ఆగలేదు. అప్పుడు ఎడమ మూల, అడుగున, సన్నని గుండ్రటి వెలుగొకటి పుట్టి మెల్లగా కదలసాగింది.

"వీరాస్వామీ! ఆపవయ్యా బాబూ ఆ టార్చి!"

"కిందకి పట్టు, కిందకి! తెర మీద వేస్తావేంటి?"

"పెద్దాయనకి కళ్లు కనపడట్లేదురోయ్!"

వెనక వరుసలోంచి ఈలలు లేచాయి. గోడకు వీపానించి నిలబడ్డ వీరాస్వామి బొటనవేలిని మీట మీంచి తీసేశాడు. నిజంగానే వెలుగుతోందేమోనని చేతిలోని టార్చి వైపు చూసుకున్నాడు. "నేను కాదండీ, నాది కాదండీ" అన్నాడు గాని, ఆ గోలలో వినేదెవరు?

ప్రొజెక్టరు గది మెట్ల మీంచి రాజేంద్ర దూసుకొచ్చాడు. "చెప్పానా లేదా? పొద్దున్నే చెప్పానా?"

వీరాస్వామి టార్చిని అతని చేతిలో పెట్టాడు. రాజేంద్ర మీట నొక్కాడు. వెలగలేదు. మళ్లీ నొక్కాడు. ఎదురుగా ఆ వెలుగు మాత్రం నడుస్తూనే ఉంది.

"మరి అదెవరిదయ్యా?" అన్నాడు గొంతు తగ్గించి.

"సినిమాలోదండి. ఎవరిదో మాత్రం తెలియట్లేదండి."

హాలుకు కూడా ఆ సంగతి అప్పుడే తట్టింది. ఒక్కొక్క వరుసే నోరు మూసుకుంది. వెలుగు చెరుకుతోట గట్టు మీది బురదలో అడుగుజాడలను పట్టుకుంది. చిన్న పాదాలు, చెప్పుల్లేని కాళ్లు. అవి గట్టు మధ్యదాకా వెళ్లి, ఆగిపోయాయి. పక్కకు దిగిన జాడ లేదు, వెనక్కి మళ్లిన జాడా లేదు.

మన భాషలో కర్తను చెప్పకుండానే వాక్యం నడపవచ్చు. క్రియ చివరి ప్రత్యయం ఆ కర్త ఎవరో పట్టిస్తుంది. ఇక్కడ ఆ ప్రత్యయాన్ని సైతం దాచేశారు. వెలుగుంది, దాన్ని పట్టుకున్న చెయ్యి లేదు. ఆ కిటుకు వీరాస్వామికి వ్యాకరణంతో పనిలేకుండానే తెలిసింది. టార్చి పట్టినవాడు ఎప్పుడూ కనపడడు. వెలుగు పడ్డంత మేరే జనం చూస్తారు. పడని చోటంతా భయమే. ఇన్నేళ్లూ ఎవరి పాదాల ముందో వెలుగు పరుస్తూ, తెరకు వీపు పెట్టి గడిపినవాడు, ఒక సినిమా మొదలు చూడటం ఇదే తొలిసారి. ఒక్కచోట నిలవలేక, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకుంటూ చూస్తున్నాడు.

తలుపు మీద ఎవరో తట్టారు.

"వీరాస్వామీ! మేమయ్యా, తియ్యి!"

హాలు యజమానికి దగ్గర బంధువైన శ్రీరామరాజు గారి గొంతు అది. ఏ ఆటకైనా ఆయన కుటుంబం టైటిళ్లయ్యాకే వస్తుంది. మధ్యాహ్నం వేళ, ఇప్పుడు తలుపు తీస్తే ఎండ వెలుగు నేరుగా తెర మీద పడుతుంది.

"రాజుగారయ్యా. తియ్యకపోతే బాగోదు" అన్నాడు రాజేంద్ర.

తీస్తే జనం ఊరుకోరు, తియ్యకపోతే రాజుగారు ఊరుకోరు. ఎటు చూసినా స్టాండే. వీరాస్వామి చెయ్యి గడియ మీదికి వెళ్లి, ఆగింది.

"ఒక్క నిమిషమండి. ఆ వెలుగు ఎవరిదో తేలనివ్వండి."

రాజేంద్ర కూడా తెర వైపు తిరిగాడు. తెర మీది వెలుగు మెల్లగా వెనక్కి తిరిగి, హాలు వైపే రాసాగింది. పెరిగింది. ముందు వరుసల వాళ్ల మొహాలు తెల్లబడ్డాయి. ఉన్నట్టుండి ఆరిపోయింది. ఎవరో "అమ్మో!" అన్నారు. ఆ చీకట్లో సినిమా పేరు పడింది.

వీరాస్వామి గడియ తీశాడు.

"ఏంటయ్యా ఇంతసేపు? మొదలైపోయిందా?"

"ఇప్పుడే పేరు పడిందండి. రండి, మెట్టు చూసుకోండి." రాజేంద్ర చేతిలోంచి టార్చి తీసుకుని, సెల్సు తడుముకుని వేసి, వారి ముందు వెలుగు పరిచాడు.

రాజుగారి భార్య రత్నమాణిక్యం గారు చుట్టూ చూశారు. "అందరూ అలా బిగుసుకుపోయారేంటి? ఏం చూపించారు?"

"చెప్తే తెలిసేది కాదండి. రేపు కొంచెం ముందే వచ్చెయ్యండి."

ఆమె నవ్వారు. రాజుగారు నవ్వలేదు గాని, తెర వైపు చూస్తూ కూర్చున్నారు.

తిరిగొచ్చిన వీరాస్వామితో రాజేంద్ర తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు: "సాయంత్రం ఆటకి కూడా పేరు పడేదాకా సెల్సు జేబులోనే ఉంచు. స్టాండుకి ఇంకో మనిషిని చూస్తాలే."

సాయంత్రం కూడా ఎడమ మూల వెలుగు పుట్టగానే, "వీరాస్వామీ, ఆపవయ్యా!" అని హాలు అరిచింది. అతడు చీకట్లో, జేబులో సెల్సును వేళ్లతో దొర్లించుకుంటూ, ఆ పిలుపు వింటూ నిలబడ్డాడు.