ఎవరూ పిలవని దయ్యం

రిటైరైన తెలుగు టీచరు దయ్యాల నవలలు చదువుతుందంటే ఆదోనిలో మా వీధివాళ్లకు ఇప్పటికీ నవ్వే. ముప్పై ఏళ్లు పిల్లల చేత పద్యాలు బట్టీ పెట్టించినదానివి, ఈ వయసులో నీకిదేం పిచ్చి అని మా ఆడబిడ్డ మొహం మీదే అడిగింది. మా ఆయన పోయాక పొద్దుపోక ఫోన్లో కథల యాప్ ఒకటి వేయించుకున్నాను. అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు. చదివి ఊరుకుంటానా, ప్రతి భాగం కింద అభిప్రాయం కూడా రాస్తాను. కాపీలు దిద్దిన చెయ్యి కదా.

ఉన్నమాట చెప్తాను. ఇప్పటి దయ్యాల కథల్లో సగానికి పైగా దయ్యాలకు ఊరూ పేరూ ఉండదు. నలుగురు ఇంజినీరింగు పిల్లలు కారేసుకుని అడవిలో బంగళాకు పోతారు. పోయీపోగానే సిగ్నలు పోతుంది. వాచ్‌మన్ ఒకడు వద్దు బాబూ అంటాడు, వినరు. ఇంక మొదలు, తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు. ఆ జుట్టుతో మా ఆదోని ఎండలో ఒక్క పూట తిరగమనండి, దయ్యమే జడేసుకుంటుంది. మంత్రగాడు వచ్చాడంటే నాకు ఇంకా విసుగు. అరపేజీ మంత్రం రాస్తారు, అందులో ఒక్క ముక్క కూడా ఏ భాషదో తెలియదు. ఇప్పుడు కొత్తగా దయ్యాలతో ప్రేమకథలు వస్తున్నాయి. చచ్చి రెండొందల ఏళ్లయినా హీరోగారి చొక్కా ఇస్త్రీ నలగదు. వాటిని తిట్టుకుంటూనే వందో భాగం దాకా చదివాను, అబద్ధమెందుకు.

రాసేవాళ్ల మీద మాత్రం నాకు కోపం లేదు. చాలామంది ఇంటిపనీ ఉద్యోగమూ చేసుకుంటూ ఫోన్లోనే రాసే ఆడవాళ్లు. రోజుకొక భాగం రాయాలి, ప్రతి భాగం చివరా ఒక భయం పెట్టాలి, లేకపోతే చదివేవాళ్లు మర్నాడు రారు. రోజూ వండటమే కష్టమంటే రోజూ భయపెట్టడం ఇంకా కష్టం. మంచి కథలూ ఉన్నాయి. ఒకదాంట్లో పత్తి మిల్లులో చనిపోయిన కూలి, మిల్లు మూతపడ్డాక కూడా పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. ఎవరినీ ఏమీ చేయడు, గేటు తెరవమని అడుగుతాడు, అంతే. అది చదివినప్పటినుంచి మా ఊళ్లో మూతపడ్డ మిల్లుల ముందు నడవాల్సివస్తే నేను కొంచెం గబగబా నడుస్తాను.

నా అసలు ఫిర్యాదు వేరే. ఈ కథల్లో చచ్చిపోయినవాళ్లకు చుట్టాలుండరు. చచ్చిన మరుక్షణం అందరికీ శత్రువులైపోతారు. మా వైపు అట్లా కాదు. పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకేసి వడ్డించి, పక్కన కొత్త బట్టలు పెట్టి, దీపం వెలిగించి తలుపు వేసేస్తాం. ఇంటిల్లిపాదీ బయట కూర్చుంటాం. వాళ్లు వచ్చి తినిపోయేదాకా ఎవరూ లోపలికి పోకూడదు. మా ఆయన పోయిన మొదటి ఏడు నేను ఆయన ఆకు పక్కన చక్కెర లేని కాఫీ పెట్టాను. పన్నెండేళ్లు షుగరు మనిషికి కాఫీ కలిపిన చెయ్యి, దానికేం తెలుసు! తలుపేసి పంచలోకి వచ్చాక గుర్తొచ్చింది, ఇప్పుడు ఆయనకు షుగరెక్కడిదని. లోపలికి పోయి చక్కెర వేయడానికి లేదు. మా అమ్మాయి ముందే కూర్చుని ఏడ్చాను.

ఇదంతా మనసులో ఉండబట్టే పోయిన ఏడు ఒక తప్పు చేశాను. కొత్త నవల ఒకటి యాప్‌లో రోజూ వస్తుండేది. నేతపనివాళ్ల ఇల్లు, మా వైపు మాటలు, చదువుతుంటే ప్రాణం లేచివచ్చింది. రాసినావిడ ఎవరో తెలియదు, పేరు పెట్టుకోలేదు. కథలో చనిపోయిన తల్లి రోజూ కూతురింటికి వచ్చి తలుపు బాదుతుంది, గడియ విరగ్గొడుతుంది. ముప్పై భాగాలైనా ఆ బాదుడు ఆగలేదు. నాకు ఒళ్లు మండింది. కింద ఇట్లా రాశాను: "భాష బాగుంది. దయ్యమే అబద్ధం. మన వైపు పోయినవాళ్లు తలుపు పగలగొట్టే అవసరం లేదు. ఏడాదికొకసారి మనమే ఆకేసి, తలుపేసి, బయట కూర్చుని పిలుచుకుంటాం. కన్నకూతురి ఇంటి తలుపు విరగ్గొట్టే తల్లిని మీరెక్కడ చూశారు? తెలిసిన సంగతి రాయండి." చాలామంది మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉండింది.

మర్నాడు భాగం రాలేదు. వారమైంది, రెండు వారాలైంది. తరువాత నాకొక్కదానికే ఒక మెసేజి వచ్చింది. "మేడమ్, నాకు తెలిసిందే రాసినా అనుకున్నా. అది అబద్ధమని మీరు సెప్పినాక ఇంక రాయబుద్ధి కాలేదు. ఈ నవల ఇంతటితో ఆపేస్తాండా. మాది ఎమ్మిగనూరు."

ఆ మెసేజి మళ్లీ మళ్లీ చదివాను. బడిలో మొద్దు అన్న పిల్లలున్నారు, గోడకుర్చీ వేయించిన పిల్లలున్నారు, కానీ నా మూలంగా రాయడం మానేసిన పిల్ల ఒక్కతీ లేదు. ఇల్లెక్కడో అడిగాను. రెండు రోజులకు చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ముందుగదిలో మగ్గం, దాని పక్కనే రాట్నం దగ్గర కండెలకు నూలు చుడుతూ ఆమె అత్త. రాసే పిల్లకు ముప్పై కూడా ఉండవు. నన్ను చూసి కంగారుగా చాప పరిచింది.

"ఇంత దూరం వచ్చినారా మేడమ్!"

"రాక ఏం చేసేది? ముసలిదాన్ని, నోటికొచ్చింది రాస్తుంటాను. నా మాట పట్టుకుని మానేస్తావా?"

"మీరు రాసింది తప్పు కాదు మేడమ్. ఆకేసి పిలుసుకుంటాం అన్నారు కదా. మాయమ్మకు ఎవురేసినారు ఆకు?"

అప్పుడు చెప్పింది. ఆమెకు మూడేళ్లప్పుడు తల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్యకు ఆకేస్తే ఆమె వచ్చి రెండో భార్యను పట్టుకుంటుందని ఎవరో భయపెట్టారట.

"మా నాయన వాళ్ల అమ్మకూ నాయనకూ పెడతాండ్రి. మాయమ్మకేదని అడిగితే కొట్టిరి. పెండ్లయి ఈడికొచ్చినా. ఈడ ఈళ్ల పెద్దలకే పెట్టేది, కోడలి పుట్టింటోళ్లకు పెట్టే పద్ధతి లేదు. పిలిసేవాళ్లు లేనోళ్లు యెట్ల రావల్ల మేడమ్? తలుపు పగలగొట్టుకునే రావల్ల."

అన్ని నవలలు చదివినదాన్ని, ఆ తలుపు ఎందుకు విరుగుతోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సిగ్గేసింది.

"పద్ధతి గిద్దతి పక్కన పెట్టమ్మా, ఈ ఏడు నువ్వే పెట్టు" అన్నాను చివరికి.

"ఏం పెట్టల్ల? ఆమెకేమిష్టమో నాకు తెల్దు. నాయనకు గుర్తు లేదంటాడు. ఫొటో గూడా లేదు."

రాట్నం ఆగింది. అత్త వింటోందని అప్పుడే నాకు తెలిసింది. మాట బయటికి వచ్చినందుకు కోడలికి ఇబ్బందేమో అనుకున్నాను. అత్త చేతిలో కండె పక్కన పెట్టింది. "ఎండన పడి వచ్చినావు, కాపీ తాగి పో టీచరమ్మా" అని లేచి లోపలికి పోయింది.

ఇంటికి వచ్చి నవల కింద మళ్లీ రాశాను. నా అభిప్రాయం తప్పు, ఈ దయ్యం నేను చదివినవాటన్నిటిలోకీ నిజమైనది, తలుపు ఎందుకు బాదుతోందో రచయిత్రికి తెలుసు, నాకే తెలియలేదు, దయచేసి ఆపవద్దు అని. నన్ను ఇంతకుముందు మెచ్చుకున్నవాళ్లే ఇప్పుడు ఎగతాళి చేశారు. చేసుకోనీ. నాలుగో రోజు ముప్పై ఒకటో భాగం వచ్చింది. తలుపు బాదుడు మామూలే.

పెద్దల అమావాస్య నాడు మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది.

"మేడమ్, మా అత్త ఇంకో ఆకెయ్యమన్నాది. తను కట్టుకుందామని దాసుకున్న సీర తీసి మాయమ్మకు పెట్టమనిచ్చినాది."

"ఏం వడ్డించినావమ్మా?"

"నాకిష్టమైనవే పెట్టినా. ఉగ్గాని, బజ్జి, బెల్లం పాయసం. ఆమె కడుపున పుట్టినదాన్నే కదా, ఒకటన్నా ఇష్టముండదా? తలుపేసి బయట కూర్సున్నాం. కొంచేపు మాట్లాడతాండండి మేడమ్, భయమైతాంది."

నాకు నవ్వొచ్చింది. "ఇన్ని భాగాలు జనాన్ని హడలగొట్టినదానివి, నీకేం భయమే? వస్తే రానీ."

"వస్తాదని కాదు మేడమ్. రాకపోతే యెట్లా అని."

అప్పుడు నేనూ మా ఇంటి పంచలోనే ఉన్నాను, వేసిన తలుపు ముందు. ఆయన పోయినప్పటినుంచి ప్రతి ఏడూ ఆ కాసేపట్లో నాకూ అదే భయం. మా అమ్మాయితో కూడా ఎప్పుడూ అనలేదు. ఆ పిల్లతో అన్నాను.