పగలని లక్క సీలు

1979 ఎండాకాలం. అప్పుడు నేను చిత్తూరులో ఒక కలప డిపోలో గ్రేడర్‌ని, అంటే దుంగల రకం, నాణ్యత తేల్చేవాణ్ణి. బడిలో చదివింది ఎనిమిదో తరగతి. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. కలపశాస్త్రం పుస్తకాలను పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకు గర్వమే.

మునిరత్నం అనే రైతు వాకిలి చట్రం కోసం సొంత పొలంలోని ఏగి అనే మాను కొట్టి బండిలో తెస్తుంటే, ఎర్రచందనం దొంగ అని ఫారెస్టు వాళ్లు పట్టుకున్నారు. ఏగి బెరడు నరికితే నెత్తురులా ఎర్రటి జిగురు కారుతుంది. పట్టుకున్నవాళ్లు అది చూసి పొరబడ్డారనుకుందాం. కానీ కలపను పరీక్షించడానికి ప్రభుత్వం పెట్టిన నిపుణుడు కూడా "పరిశీలించిన కలప ఎర్రచందనమే" అని రిపోర్టు రాసిచ్చాడు. ఆ ఒక్క వాక్యంతో మునిరత్నం ఇరవై రోజులుగా సబ్‌జైల్లో ఉన్నాడు.

అతని వకీలు నన్ను సాక్షిగా పిలిపించాడు. బోనెక్కగానే ప్రభుత్వ వకీలు అందుకున్నాడు.

"ఏ కాలేజీలో చదివినావయ్యా?"

"కాలేజీ కాదు సార్, లైబ్రరీ."

"అట్లయితే రేపు నా గుండెకు ఆపరేషన్ కూడా చేస్తావేమో!"

అందరూ నవ్వారు. ఇంతలో శాంపిల్, అంటే ఆ దుంగలోంచి కోసిన ముక్క, నా చేతికిచ్చారు. గుడ్డలో చుట్టి ఉంది. పట్టుకున్న రోజు వేసిన లక్క సీలు చెక్కుచెదరలేదు. నా ఒళ్లు మండిపోయింది.

"అయ్యా, సీలు పగల్లేదే! లోపలి కొయ్యను ఈయన యాడ సూసినాడు?"

రిపోర్టు రాసిన నిపుణుడు కోర్టులోనే ఉన్నాడు. తడుముకోకుండా చెప్పాడు. "పంచనామాలో ఎర్ర కలప అని రాసినారు. ఈ జిల్లాలో ఎర్ర కలపంటే ఇంకేముంటాది?"

మేజిస్ట్రేటు సీలు తీయించారు. నేను హార్ట్‌వుడ్, అంటే మాను నడిమి చేవ, కాస్త చెక్కి గ్లాసు నీళ్లలో వేశాను. ఎర్రచందనం రంగు చన్నీళ్లలో దిగదు, ఏగిది దిగుతుంది. కాసేపటికి గ్లాసును కిటికీ ఎండలో పట్టాను. పసుపు నీళ్లలో నీలి మెరుపు కనిపించింది. ఏగికి అదే గుర్తు.

"అదే సామీ!" అని అరిచాడు మునిరత్నం. "మాయమ్మ చక్కెర జబ్బుకు ఆ కొయ్య లోటాలోనే నీళ్లు తాగతాది. ఇంక ఆ లోటాను కూడా జైల్లో ఎయ్యండి!"

కేసు కొట్టేశారు. నిపుణుణ్ణి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన కాగితాలు సర్దుకుని జీపెక్కాడు. మునిరత్నం కోర్టు మెట్ల మీద కూలబడి, "ఇరవై దినాల్లో ఒక్క గడియ తీరిక లేకపాయెనా అబ్బా, ఆయప్పకు?" అన్నాడు. 

ఇతరులు చూడలేనిది చూస్తాడు కాబట్టే నిపుణుడి మాటకు కోర్టులో బరువు. చూడకుండా చూశానని రాస్తే, అది పొరపాటు కాదు, దొంగసాక్ష్యం. ఎంత పెద్ద డిగ్రీ ఉన్నవాడు రాసినా అంతే.