సగంలో వదిలిన మామిడి పిందె

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ధర్మవరంలో చుట్టుపక్కల వాళ్ళు తాయెత్తులు కట్టించుకుంటుంటే నవ్వేదాన్ని. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చునేదానికి దయ్యాల గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ అని నేననను. జరిగింది చెబుతాను, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు నాకు కాళ్ళ జబ్బు మొదలైంది. పొద్దుగూకితే చాలు, పిక్కల లోపల చీమలు పాకినట్టు ఉండేది. కాళ్ళు కదిలిస్తే తగ్గేది, ఆపితే మళ్ళీ మొదలు. కుదురుగా కూర్చోలేను, పడుకోలేను. నేసేదానికి కాళ్ళే ఆధారం. కింద చెక్కలు తొక్కడంలో తేడా వస్తే పైన బట్ట చెడుతుంది. అనంతపురంలో నరాల డాక్టరు చూసి, రోజూ సాయంత్రం వేసుకోమని మాత్ర రాసిచ్చాడు.

మాత్ర బాగా పనిచేసింది. చాలా కాలానికి కంటినిండా నిద్రపోయాను. ఆ డాక్టరు చల్లగా ఉండాలని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

ఆ తర్వాత మనసు చెడటం మొదలైంది. ఊరికే ఏడుపొచ్చేది. ఏడుపు లేనప్పుడు కోపం. నా నోరు ముందునుంచీ దురుసే కాబట్టి ఇంట్లో మొదట ఎవరికీ తేడా తెలియలేదు. నాకు తెలిసింది. హైస్కూల్లో చదివే మా పద్మ నేను పిలిస్తే ఉలిక్కిపడేది. కన్నకూతురు నన్ను చూసి భయపడుతోందని తెలిసేది. అయినా మరుక్షణం మళ్ళీ అరిచేదాన్ని.

నేతలోనూ అదే కనబడేది. దిగులుగా ఉన్న రోజు నేత వదులు, కోపమొచ్చిన రోజు మరీ బిగుతు. ఎవరి చేతి నేత వాళ్ళకు తెలుస్తుంది. ఆ బట్టలో నా చెయ్యి లేదు. మాత్ర మానేస్తే కాళ్ళు నిలవవు, వేసుకుంటే నేను నేనుగా ఉండను. ఏం చేయాలో తోచక కుమిలిపోయాను.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. చీరలో నేసే పువ్వు, అదే బుట్టా, సగంలో ఉండగా మగ్గం దిగకూడదు. ఒకరోజు పొద్దున మామిడి పిందె బుట్టా సగం నేశాను. పద్మ దువ్వెన పట్టుకుని వచ్చి జడ వేయమంది. అంతే, ఏమైందో ఏమో, పోగును అటూ ఇటూ నడిపే నాడెను చేతిలోంచి విసిరికొట్టి మగ్గం దిగేశాను. అది గోడకు తగిలి కింద పడింది.

పద్మ బిత్తరపోయి బట్ట వైపు చూసింది. "మా, బుట్టా సగంలోనే ఉండాది మా" అంది.

"అదీ వద్దు, నువ్వూ వద్దు. పో!" అని అరిచాను.

మా ఆయన లోపలికొచ్చాడు. పడిన నాడెనూ, పిల్ల ముఖాన్నీ చూశాడు. "ఇట్లయితే కాదు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం, లెయ్" అన్నాడు. పద్మను కూడా వెంటబెట్టుకున్నాం. తాళం నేనే వేశాను, తాళంచెవి నా కొంగుకే కట్టుకున్నాను. బస్సులో దారంతా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను.

డాక్టరు అంతా విన్నాడు. "ఇందులో మీ తప్పేం లేదమ్మా. కొందరికి ఈ మాత్ర మనసు మీద పనిచేస్తుంది. ముందే చెప్పాల్సింది" అన్నాడు. ఒక్కసారిగా మానొద్దని, మెల్లగా తగ్గించి వేరేది ఇస్తానని చెప్పాడు. కాళ్ళకిచ్చిన మాత్ర మనసును పట్టుకుంటుందని నాకేం తెలుసు!

ఇంకా ఎండ ఉండగానే ఇల్లు చేరాం. గోడకు అవతలి ఇంటి ఖాదర్‌బీ అక్క వాకిట్లోనే నిలబడి ఉంది.

"యాడికి పోయింటిరి? మధ్యాహ్నం మగ్గం ఆడతాంటే నువ్వు ఈడనే ఉండావనుకుంటి. ఎంత పిలిచినా పలకవేమే?"

"తాళమేసి అనంతపురం పోయింటిమి అక్కా."

"అదేందప్పా! నా చెవులారా వింటి."

మా వీధిలో ఇంటింటికీ మగ్గమే. వేరే ఇంటి చప్పుడు విని ఉంటుందిలే అనుకున్నాను. తాళం తీసి లోపలికి వెళ్ళాం.

మామిడి పిందె పూర్తయి ఉంది. దాని తర్వాత జానెడు బట్ట కూడా నేసి ఉంది. గోడ దగ్గర పడిన నాడె మగ్గం మీద ఉంది.

పద్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా ఆయన వంగి, ఆ కొత్త నేత మీద గోటితో గీసి చూశాడు. పక్కనే ఉన్న పాత నేతను కూడా తడిమి చూశాడు.

"ఇది నీ చెయ్యే" అన్నాడు చివరకు. "మాత్రలు తినకముందు నువ్వు నేసినట్టే ఉండాది."

నేనూ చూశాను. వదులు లేదు, బిగుతు లేదు. నా చేతి నేతే.

తర్వాత డాక్టరుకు చెబితే, మీరే నేసి మరిచిపోయి ఉంటారమ్మా, ఆ మాత్రతో అలాంటివి జరుగుతాయన్నాడు. కావచ్చు, చదువుకున్నవాడు. కానీ సగం బుట్టాను చూసింది నేనొక్కదాన్నే కాదు, పద్మ కూడా. అప్పటి నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా ముగ్గురం ఒకరినొకరు వదలలేదు. ఇంటికి రెండో తాళంచెవి లేదు.

కొత్త మాత్రతో మనసు నెమ్మదించింది. సాయంత్రాలు కాళ్ళు కాస్త పీకుతాయి, వీధి చివరిదాకా నడిచి వస్తాను.

ఆ చీర ఎప్పుడో అమ్ముడుపోయింది. నా చేతి నేతను నేను పోల్చుకోలేనా? ఆ మధ్యాహ్నం మగ్గం మీద కూర్చున్నది నేనే. మరి కూతురి ముఖం చూడలేక బస్సులో ఏడుస్తూ పోయింది ఎవరు? నాకు ఇప్పటికీ తెలియదు.