ఇంజన్‌కు కొళాయి

ఆ రోజు నాయన చేతిలోంచి పానా లాక్కున్నాను. అదీ నలుగురి ముందు. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది ఆళ్లగడ్డ. మా ఇంట్లో ట్రాక్టరు తోలేది నేను, దాని బాగోగులు చూసేది నాయన. నాకు స్టీరింగు చేతికొచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. దున్నడం, ట్రాలీ తోలడం, దారికి అడ్డమొచ్చిన వాళ్లతో పోట్లాడడం నా వంతు. ఇంజన్ ఆయిల్ మార్చడం మాత్రం నాయనదే. ఆ పనిలో ఎవర్నీ వేలు పెట్టనిచ్చేవాడు కాదు. ఇంజన్ కాసేపు ఆడించి, వెచ్చబడ్డాక కిందికి దూరి, ఆయిల్ ఉండే ఛాంబర్ అడుగున బోల్టు విప్పేవాడు. నల్లటి మడ్డి ఆయిల్ బేసినులోకి దూకేది. కొత్త ఆయిల్ పోశాక మట్టం చూసే గేజు కడ్డీ తీసి, తువ్వాలు కొసతో తుడిచి, మళ్లీ ముంచి నా ముందుకు చాపేవాడు. "చూసి చెప్పు పాపా" అనేవాడు. నేను సరిపోయిందంటేనే పని ముగిసినట్టు. ఆ తర్వాత ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో మీటరు చూసి, మడ్‌గార్డు లోపలివైపు సుద్దముక్కతో రాసేవాడు. ముత్యాల్లాంటి అంకెలు.

పోయిన ఎండాకాలం ఆయనకు పక్షవాతం తగిలింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. కుడిచేతి పట్టు మాత్రం రాలేదు. అయినా ఆయిల్ మార్చే వేళ వచ్చేసరికి, నేను ఇంట్లో లేని సమయం చూసి, ఎవరికీ చెప్పకుండా బండి కిందికి దూరాడు. చివరి చుట్టులో బోల్టు వేళ్లలోంచి జారింది. కాగే ఆయిల్ మణికట్టు మీద పడింది. ఉలిక్కిపడి చెయ్యి లాగేసరికి బేసిను తిరగబడింది. ఆ నెలలోనే వాకిట్లో పరిపించిన బేతంచెర్ల బండలు నల్లగా మసిబారిపోయాయి.

నేను వచ్చేసరికి ఇరుగుపొరుగు గుమిగూడి ఉన్నారు. నాయన ఆ ఆయిల్‌లోనే కూర్చుని బోల్టు కోసం తడుముకుంటున్నాడు. ఎడమచేతిలో పానా. ఎర్రగా కమిలిన ఆయన మణికట్టు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. భయం వేసినా నాకు కోపంగానే బయటికొస్తుంది, ఏం చెయ్యను!

"ఇంక దీని కింద చెయ్యి పెట్టాకు నాయనా! నీకు చాతగాదు!" అని అరిచి పానా లాగేసుకున్నాను.

ఆయన లేచి చెయ్యి కడుక్కుని, ట్రాక్టరుకు వీపు పెట్టి మంచం మీద కూర్చున్నాడు. ఆ రోజు మొదలు అట్లాగే కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. తర్వాతి తడవ మెకానిక్కును పిలిపించాను. అతను పానాకు ఇనుప పైపు తొడిగి, బలమంతా పెట్టి బోల్టు బిగించి వెళ్లిపోయాడు. ఎవరూ నాకు గేజు కడ్డీ చూపించలేదు. మడ్‌గార్డు మీద అంకె పడలేదు. నాయన ఇంట్లోంచి బయటికే రాలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. చాతగాదు అన్న మాట నేనే అన్నాను, దాన్ని నేనే వెనక్కి తీసుకోవాలి. ఊరికే తప్పయిందంటే నాయన తీసుకునే రకం కాదు.

ఒకరోజు ఫోన్‌లో ఏదో చూస్తుంటే ఆయిల్ వాల్వు కనిపించింది. అడుగు బోల్టు తీసేసి దాని చోట ఒకసారి బిగించేస్తే చాలు. చిన్న పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే ఆయిల్ పైపులోంచి నేరుగా డబ్బాలోకి దిగుతుంది. బోల్టు విప్పే పనే లేదు. ఒక్క వేలు చాలు. ఒక్క వేలు! మంచం దగ్గరికి పరుగెత్తి చూపించాను.

"ఇంజన్‌కు కొళాయి ఏందే? అదేమన్నా నీళ్ల ట్యాంకా?" అన్నాడు. నెలల తర్వాత ట్రాక్టరు గురించి ఆయన నోరు విప్పడం అదే మొదలు. ఫోన్ నా చేతికిచ్చేస్తూ, "పత్తి చేన్లో పోతాంటావ్. కట్టె తగిలి పిడి తిరిగిందనుకో, ఆయిలంతా చేను పాలు. ఇంజన్ పట్టేస్తాది. అప్పుడేం చేస్తావ్?" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎంత ఆశగా తెచ్చి చూపిస్తే ఇదా మాట! కానీ పొద్దున లేచి ఆలోచిస్తే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆయన అనకపోతే చూడ్డానికి సోకుగా ఉన్న పొడుగు మూతిది కొనేదాన్ని. అది ఛాంబర్ కిందికి వేలాడుతూ మొదటి మోడుకే విరిగేది. అందుకని పొట్టిది వెతికాను. పిడి గాడిలో కూర్చుని ఉండాలి, పైకెత్తితే తప్ప తిరగకూడదు. దానిపైన ఇంకో క్లిప్పు కూడా ఉండాలి. అట్లాంటిది దొరికింది.

ఇక కొలత. మా వైపు బోల్టును పానా నంబరుతోనే పిలుస్తాం. ఇరవై రెండు పానా పడితే అది ఇరవై రెండు బోల్టు. అంతే, ఇంకో మాట లేదు. నేనూ అదే ధీమాతో ఇరవై రెండు అని తెప్పించాను. వచ్చింది. ఆదివారం పొద్దున్నే బోల్టు తీసి, పాత ఆయిలంతా దించేసి, వాల్వు పెట్టబోతే ఎక్కదే! ఎంత నొక్కినా రంధ్రం అంచు దగ్గరే ఆగిపోతోంది. పంపినవాళ్లను తిట్టాను, ఫోన్‌ను తిట్టాను, ట్రాక్టరును తిట్టాను.

మంచం కిర్రుమంది. నాయన వచ్చి బోల్టును, వాల్వును ఎడమ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూశాడు. పెదాలు బిగబట్టుకున్నాడు గానీ నవ్వు ఆగలేదు.

"తల కొలిచినావే, మెడ కొలవలేదు" అన్నాడు.

నిజమే. పానా పట్టేది బోల్టు తలకు. లోపలికి వెళ్లేది చుట్లు చుట్లుగా ఉండే మర. ఇన్నేళ్లుగా ఆ రెండూ ఒకటే అనుకున్న బుర్ర నాది.

"నువ్వు బోల్టు తీస్కోని నంద్యాలకు పో, బేగా రా. బండిని నేను చూసుకుంటా" అన్నాడు. చుక్క ఆయిల్ లేని ఇంజన్‌ను ఎవరైనా పొరపాటున స్టార్టు చేస్తే కథ ముగిసినట్టే. రంధ్రానికి శుభ్రమైన గుడ్డ కుక్కాడు, తాళంచెవి జేబులో వేసుకున్నాడు, ఎవరూ ఎక్కకుండా గుర్తుగా స్టీరింగుకు తువ్వాలు చుట్టాడు, మంచం ట్రాక్టరు ముందుకు లాక్కుని కూర్చున్నాడు. ఈసారి దానివైపే తిరిగి.

నంద్యాలలో బస్సు దిగి నేరుగా మరలు కోసే ఒక లేతు షాపుకు వెళ్లాను. కళ్లద్దాల పెద్దాయన బోల్టును రెండు రకాలుగా కొలిచి నా ముఖంలోకి చూశాడు.

"ఇరవై రెండు పానాది గదమ్మా. మర పద్దెనిమిది. సన్న మర" అన్నాడు. తర్వాత బోల్టును వెలుతురుకు పెట్టి, "ఎవరో పైపేసి బిగించినట్టుండారే. ఇంగో రెండు తూర్లు ఇట్లా జేస్తే ఛాంబర్ మర గూడా పోతాది" అన్నాడు. నాయన చేతికి చాతగాదన్నాను. చాతనైన చెయ్యి చేసిన నిర్వాకం ఇదీ!

మూడో షాపులో దొరికింది. పద్దెనిమిది, సన్న మర, పొట్టిది, గాడి పిడి, క్లిప్పు. నాయన పెట్టిన షరతులన్నీ కౌంటరు దగ్గరే ఒక్కొక్కటీ సరిచూశాను. మళ్లీ లేతు షాపుకు తెచ్చి, అదే మర ఉన్న నట్టు ఎక్కించి చూశాను. వేళ్లతోనే సాఫీగా ఎక్కింది. తిరుగు బస్సులో శిరివెళ్ల దాటేదాకా దాన్ని గుప్పిట్లోంచి కింద పెట్టలేదు.

సాయంత్రం బిగింపు. బిగించేది నేను, చెప్పేది ఆయన. కొత్త వాషరు వేసి ముందు చేత్తో తిప్పాను, ఆపైన పానా పట్టాను.

"చాలు. ఆడ నిలుపు."

"ఇంకొంచెం బిగిస్తా నాయనా."

"నిలుపమంటే నిలుపు! మరను సంపుతావా ఏంది?"

నిలిపాను. కొత్త ఆయిల్ పోసి ఇంజన్ ఆడించి, కింద తెల్ల కాగితం పరిచాం. అది తెల్లగానే ఉంది.

అసలు పరీక్ష దుక్కులైపోయాక వచ్చింది. పత్తి మోళ్లలో అన్ని రోజులు తిరిగినా వాల్వు చెక్కుచెదరలేదు. మీటరు మీద నాయన రోజూ కన్నేసి ఉంచాడు. ఆయిల్ మార్చే గంటలు నిండిన పొద్దు ఆయనే నన్ను లేపాడు. ట్రాక్టరు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. కిందికి దూరే పనే లేదు. పైపు తొడిగి, కొస డబ్బాలో పెట్టాడు. క్లిప్పు తీశాడు. ఎడమచేతి చూపుడువేలితో పిడిని పైకెత్తి, తిప్పాడు.

దిగింది! నల్లగా, నిండుగా, బుద్ధిగా డబ్బాలోకి దిగింది. బండల మీద ఒక్క చుక్క పడలేదు. గుమ్మాలకు చెదలు పట్టకుండా పూసుకోడానికి మడ్డి ఆయిల్ అడుగుదామని వచ్చిన ఎదురింటావిడ, ఆ రోజు గుంపులో నిలబడి చూసినావిడే, నోరు తెరిచింది.

"ఏందన్నా, ఒక్క ఏలితోనే?"

"ఇంగో తొమ్మిది మిగిలినాయిలే" అన్నాడు నాయన.

కొత్త ఆయిల్ పోశాడు. గేజు కడ్డీ తీసి, తువ్వాలు కొసతో తుడిచి, ముంచి, నా ముందుకు చాపాడు. "చూసి చెప్పు పాపా." సరిపోయింది నాయనా అన్నాను. ఆయన సుద్దముక్క ఎడమచేత్తో పట్టుకుని మడ్‌గార్డు మీద అంకె వేశాడు. వంకరటింకరగా, పెద్దగా, ఒకటో తరగతి పలక మీద రాతలా.

నేను లోపలికి వెళ్లి, ఆ రోజు లాక్కున్న పానా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. "అట్లా అనింది తప్పే నాయనా. ఇది నీది."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"నాకేం పని ఇంగ దీంతో? నీ కాడనే పెట్టుకో. ఎవరి చేతిలోంచన్నా లాక్కునే దానికి పనికొస్తాది."

ఎదురింటావిడ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. నాయన మాత్రం నావైపు చూడనే లేదు, పిడి గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో మరోసారి వేలితో తడిమి చూసుకుంటున్నాడు.