పట్టా తేదీ లేని థీసిస్

లింగంపల్లిలో ఎక్కిన ఎంఎంటీఎస్ రైల్లో నా పక్కన కూర్చున్నాయన తన ఫోన్ నా ముందుకు జరిపాడు. "చెల్లె, జర ఇది చూడవా? వస్తలేదు."

నేను ఆఫీసు గ్రూపులో ఎవరితోనో పోట్లాడుతున్నాను. చిరాగ్గా చూశాను. యూనివర్సిటీల థీసిస్‌లన్నీ ఒక్కచోట వెతికే సైటు అది, మా టీమ్ నడిపేదే. పైన ఒకమ్మాయి పేరు కొట్టి ఉంది. కింద ఏమీ లేదు.

"తీసేసినట్టున్నారు. ఇక రాదన్నా," అని మళ్లీ నా ఫోన్లోకి తల దించాను.

"మా చెల్లె రాసింది," అన్నాడాయన. "వైవాకు వారం ముందు పానం పోయింది. ఆమె సారే దీంట్ల పెట్టిండు. డ్యూటీకి పోతప్పుడు రోజొకసారి తెరిచి చూస్తుంటి. రాదంటున్నవ్ గద, ఇగ నేను చూడ తియ్."

హఫీజ్‌పేటలో దిగిపోయాడు. బండి కదిలాక నాకు వెలిగింది. యూనివర్సిటీల నుంచి థీసిస్‌ల రికార్డులు తెచ్చుకునే మా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కిందటి వారం నేనే ఒక రూల్ రాశాను. పట్టా ఇచ్చిన తేదీ ఖాళీగా ఉంటే ఆ రికార్డు చెత్త, వదిలెయ్యాలి. పట్టా రాకముందే చనిపోయినవాళ్లకు ఆ తేదీ ఉండదని నాకు తట్టలేదు.

ఆఫీసుకెళ్లగానే ఆ రూల్ పీకేశాను. సాయంత్రానికి థీసిస్ తిరిగొచ్చింది. ఆయనకు చెప్పడానికి నా దగ్గర నంబరు లేదు. అదే బండి, అదే పెట్టె రోజూ ఎక్కాను. మళ్లీ కనబడలేదు.

థీసిస్ పక్కన, దాన్ని ఎన్నిసార్లు తెరిచారో చూపించే అంకె ఉంటుంది. రోజూ రైల్లో చూస్తాను. రోజుకు ఒకటే పెరుగుతుంది. ఆ ఒక్కటీ నేను తెరిచిందే.