ఐసు మీద పడుకోబెట్టిన తమ్ముడు

మొగల్తూరు దగ్గర మా చెరువులో రొయ్యలు పడుతున్న ఉదయం, వెనక్కి వస్తున్న ఐసు వ్యాను మా తమ్ముణ్ణి తూము గోడకేసి నొక్కింది. తొడ చీలిపోయింది. తువ్వాలు బిగించి కట్టి, రెండు చేతులతో అదిమి పట్టినా రక్తం ఆగలేదు. దగ్గర్లో ఉన్న బండి ఆ వ్యాను ఒక్కటే. నేను ఎక్కేసరికే రొయ్యలు పట్టే మనుషులు వాణ్ణి ఐసు మీద పడుకోబెట్టి, పైన కూడా పోస్తున్నారు.

"తీసెయ్యండి," అన్నాను.

"ఫోన్లో చూశానండి," అన్నాడు రొయ్యలు కొనే ఆసామి. "రక్తం పోయినోళ్లని చల్లబెట్టి బతికిస్తున్నారంట. మీరెప్పుడూ సైన్సు, సైన్సంటారు కదండీ మాష్టారూ. ఇదీ సైన్సే."

విభూతి మీద, తాయెత్తు మీద, ప్రార్థన నూనె మీద ఊరూరా వాదించినవాణ్ణి. సగం విన్న నిజంతో వాదించడం అదే మొదటిసారి.

"అది గుండె ఆగిపోయాక, ఆపరేషను గదిలో, రక్తనాళంలోకి చల్లటి సెలైను ఎక్కించి చేసే ప్రయోగమండి. వీడి గుండె కొట్టుకుంటోంది. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు, ఇంకా కారిపోద్ది."

"రొయ్య చెడిపోకుండా ఉంటంలేదేంటండీ?"

"రొయ్య చచ్చిందండి. వీడు బతికున్నాడు."

బండి కదిలింది. నేను కాలితో ఐసు రోడ్డు మీదికి తోస్తుంటే, వాడి పక్కనే ఎక్కి కూర్చున్న వాడి భార్య, మా మరదలు, దోసిళ్లతో వెనక్కి లాక్కుంటోంది. "ఉండనివ్వండి బావగారూ, ఉండనివ్వండి." ఆమె చేతుల్లోంచి లాగి పారేశాను. వాడి మీద గోనెసంచులు కప్పాను.

టౌను ఆసుపత్రిలో డాక్టరు కూడా ముందు వెచ్చటి దుప్పట్లే కప్పించాడు. రక్తం కోసం మనిషిని వేరే ఊరు పంపాడు. ఆ రక్తం రాకముందే గుండె ఆగింది. నేను డాక్టరు భుజం పట్టుకున్నాను.

"ఇప్పుడు చల్లబరచండి. ఇప్పుడే కదా చెయ్యాల్సింది."

"నేనూ చదివానండి," అన్నాడు, ఛాతీ మీద నొక్కుతూనే. "దానికి కావాల్సిన మిషనూ, మనుషులూ మన దగ్గరెక్కడున్నారండీ?"

కాసేపటికి అతని చేతులు ఆగిపోయాయి.

రొయ్య కోసం చెరువు గట్టు దాకా ఐసు నడిచొచ్చే నేల ఇది. మనిషి కోసం పక్క ఊరి నుంచి రక్తం రాలేకపోయింది. ఈ మాట నేను ఏ సభలోనైనా చెప్పగలను. ఇంట్లోనే చెప్పలేను.

"ఆ ఐసు ఉంచితే బతికేవారా బావగారూ?" అని మా మరదలు ఇప్పటికీ అడుగుతుంది.

"లేదమ్మా," అంటాను. అది నిజం.

ఆమె తలూపుతుంది. మళ్లీ అడుగుతుంది.