చప్పుడు చెయ్యని కేసు

మొన్న ఆదివారం మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, ఇంట్లో పని చేసుకోవడానికి కొత్త కంప్యూటరు విడిభాగాలు కొని తనే కూర్చుకుంటున్నానని, అన్నీ కుదిరాయి గాని వాటిని పెట్టుకునే పెట్టె దగ్గరే తేల్చుకోలేకపోతున్నానని చెప్పింది. చప్పుడు చెయ్యని పెట్టె కావాలట. ఏవో బొమ్మలు పంపి, లోపల మెత్తటి దళసరి గుడ్డ అంటించినది మంచిదా, గాలి బాగా ఆడేది మంచిదా, ఇలాంటివి నీకు తెలుసుగా నాన్నా, చెప్పు అంది. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయ్యాక కూడా ఒకరు నన్ను సలహా అడగడం బాగానే ఉంది గాని, ఆ పెట్టెని తను 'కేసు' అనేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావంటే ఫోనులో తేలే కథ కాదులే అన్నాను. నా ఈడువాళ్ళు దొరికితే తీరిగ్గా చెప్పుకోవలసిన సంగతి అది.

మన వైపు ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చిన కొత్త రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. వాటికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ తరవాత దుమ్ము పడకుండా పువ్వుల గుడ్డతో ముసుగు కుట్టించి, ముసుగు తీసిన గంటల కంటె వేసిన గంటలే ఎక్కువగా చూసుకున్నాం. నేను కొత్తపేటలో లెక్కల మాస్టారుని. పరీక్ష పేపర్లు ఇంట్లోనే తయారు చేసుకోవచ్చన్న సాకుతో ఒకటి కొన్నాను. దాని పెట్టె పల్చటి రేకుది, పక్క తలుపు సరిగ్గా పట్టేది కాదు. మీట నొక్కగానే గదంతా రొదగా ఉండేది. పేపర్లు చేసుకునేవాడికి రొద అడ్డమా అని సర్దుకుపోయాను.

మాది నాన్నగారి హయాంలో ఒకటే ఇల్లు. ఆయన పోయాక పెద్దల మాట మీద మధ్యలో ఇటుక గోడ పెట్టుకున్నాం గాని, వీధి అరుగు మాత్రం ఒకటిగానే ఉంచేశాం. గోడకి అవతల అన్నయ్యా వదినగారూ, ఇవతల మేము. అమ్మ లెక్కకి మా వైపు ఉండేది గాని, ఏ పొయ్యి మీద కూర వాసన బాగుంటే ఆ పూట అక్కడే తినేది. కాలవ పక్కనున్న కొబ్బరితోట పంచుకోలేదు. అన్నయ్యే చూసేవాడు, నేను అడిగేవాణ్ణీ కాదు, ఆయన దాచేవాడూ కాదు. అన్నయ్య చుట్ట కాల్చేవాడు కాబట్టి దగ్గు ఆయనకి ఇంటిపేరులా తగులుకుని ఉండేది. ఆయన ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి కేకెయ్యనక్కర్లేదు, ఒక్క క్షణం చెవి ఒగ్గితే చాలు.

ఇక అమ్మ సంగతి. చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళి తలపెడితే ముందు పురోహితుణ్ణి, తరవాత మా అమ్మని పిలిచేవారు. వియ్యాలవారిని ఆటపట్టించే పాటలకి ఆవిడ పెట్టింది పేరు. ఆత్రేయపురంలో ఒక పెళ్ళికొడుకు మేనత్త, పాపం ఆవిడ అయిదు నిమిషాలకొకసారి నగలు సర్దుకునే మనిషట, అమ్మ పాటకి లేచి వెళ్ళిపోయి, మళ్ళీ తనే వచ్చి ఇంకొకటి పాడమని కూర్చుందని మా చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పగింతల వేళకి మాత్రం అదే గొంతు ఎంత మెత్తబడేదంటే, పెళ్ళికూతురు కంటె ముందు వంటవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఆ పాటలేవీ ఎక్కడా రాసి లేవు. వాళ్ళ అమ్మమ్మ దగ్గర విని పట్టుకున్నవి, అప్పటికప్పుడు కట్టినవీను.

అలాంటి మనిషికి గొంతు దగ్గర గడ్డ లేచింది. కాకినాడ డాక్టరుగారు చూసి, ప్రాణానికేం భయం లేదు గాని ఆపరేషను చెయ్యక తప్పదని, చేశాక మాట వస్తుందేమో గాని పాట సంగతి తాను చెప్పలేనని అన్నారు. కార్తీకం వెళ్ళాక రమ్మన్నారు. అమ్మ బండిలో కూర్చుని, పోనీలెద్దురూ, వియ్యపురాళ్ళకి ఇన్నాళ్ళకి విశ్రాంతి అంది. నేను మాత్రం ఆ దారంతా ఆవిడ పాటల్ని వేళ్ళ మీద లెక్కపెడుతూనే ఉన్నాను.

ఎందుకంటే నాన్నగారి గొంతు అప్పటికే పోగొట్టుకున్నాం. ఆయన పద్యాలు చదువుతుంటే క్యాసెట్లో పట్టి బీరువాలో భద్రంగా దాచాం. మన కోనసీమ చెమ్మ సంగతి తెలిసిందేగా, తీసి చూసేసరికి టేపంతా తెల్లగా బూజు పట్టి అతుక్కుపోయింది. అమ్మ పాటలకి ఆ గతి పట్టకూడదు, కంప్యూటర్లోకి ఎక్కించి సీడీలు చేసి అందరికీ పంచాలి అనుకున్నాను. ఒక మధ్యాహ్నం అమ్మని కూర్చోబెట్టి, మైకు పెట్టి, ఒక హారతి పాట పట్టి వినిపించాను. అమ్మ శ్రద్ధగా విని అడిగిన మాట ఒకటే.

"బానే ఉంది గానీ, నా ఎనకాల పిండిమర ఎందుకురా తిరుగుతోంది?"

అదీ నాకు చప్పుడు చెయ్యని పెట్టె అవసరపడిన వైనం. హైదరాబాదులో కంప్యూటర్ల పనిలోనే ఉన్న మా బావమరిదిని అడిగితే, రేకు మందంగా ఉండాలని, చిన్న ఫ్యాను గిర్రున తిరిగే దాని కంటె పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగేది మేలని, అతుకుల దగ్గర రబ్బరు ఉండాలని చెప్పాడు. మనవైపు అందరూ దాన్ని క్యాబినెట్ అంటారు. ఈయన మాత్రం విదేశీ పత్రికలు చదివే మనిషి కాబట్టి 'కేసు' అనేవాడు. పెద్ద ఊళ్ళో ఉన్నవాడి మాట కదా అని నేనూ కేసనడమే నేర్చుకున్నాను. వచ్చిన చిక్కంతా దానితోనే వచ్చింది.

ముందు అమలాపురం వెళ్ళి వెతికాను. కొబ్బరికాయ ముదిరిందో లేదో గోటితో కొట్టి చూసినట్టు ఒక్కొక్క పెట్టెనీ కొట్టి చూస్తుంటే కొట్టాయన నన్ను వింతగా చూశాడు. నీలం దీపాలు వెలిగేవి, అద్దం తలుపువి, విమానం ముక్కులాంటివి చూపించాడు. సౌండు రానిది కావాలండీ అన్నాను.

"ఆయ్, దాందేవుందండీ, స్పీకర్లు పీకేస్తే సౌండెక్కడ్నించొస్తాదండీ!" అన్నాడు.

ఆయనతో వాదించి లాభం లేదని ఇంటికొచ్చి, బావమరిదినే అక్కడ కొని పంపించమని చెప్పాలనుకున్నాను. మా ఇంటి ఫోను వానలకి మూగబోయి అప్పటికి చాలా రోజులైంది. కొత్తపేట సెంటర్లో ఎస్.టి.డి. బూతుకి వెళ్ళాను. ఆ బూతుల్లో అవతలివాళ్ళకి వినబడాలంటే ఇవతల బజారంతా వినబడేలా అరవాలని మీకు నేను చెప్పనక్కర్లేదు. కేసు గట్టిది చూడు, చప్పుడు బయటికి రాకూడదు, అన్నయ్యకి ఇంకా చెప్పలేదు, చెబితే ఉన్నదాంతో సరిపెట్టుకోమంటాడు, కార్తీకం వెళ్ళేలోపల తేలిపోవాలి అని గట్టిగా అరిచి, హాయిగా సైకిలెక్కి వచ్చేశాను. బూతాయన మా వదినగారి వైపు చుట్టమని నాకు తెలుసు. తెలిసినా ఏమనుకుంటాను?

మర్నాటి నుంచి అన్నయ్య మా అరుగు వైపు కాఫీకి రావడం మానేశాడు. కొబ్బరి దింపు తీయించిన రోజున ఇంటివాడకానికి కాయలు అన్నయ్యే దగ్గరుండి మా పెరట్లో పోయించేవాడు, ఈసారి పాలేరు ఒక్కడే వచ్చి పోసి వెళ్ళిపోయాడు. అరుగు మీద ఎదురుపడితే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. వదినగారు నన్ను చూసి కళ్ళొత్తుకుని లోపలికి వెళ్ళేవారు. అమ్మ ఆపరేషను దిగులు కాబోలు అనుకున్నాను. దిగులుంటే పక్కన కూర్చోవాలి గాని తప్పించుకు తిరగడమేమిటని లోపల్లోపల కోపం కూడా వచ్చింది.

హైదరాబాదు నుంచి ప్రైవేటు బస్సులో పెట్టె వచ్చింది. రావులపాలెంలో దింపించుకుని ఆటోలో ఇంటికి తెచ్చాను. నేను అట్టపెట్టె లోపల పెట్టి చెమట తుడుచుకునేసరికి, చలవపంచె కట్టుకుని, కండువా వేసుకుని, ఎవరింటికో పెద్దరికానికి వెళుతున్నట్టు అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనకాల వదినగారు. నాకేసి చూడకుండా గోడకి చెబుతున్నట్టు చెప్పాడు.

"ఒరేయ్, తోటలో కాలవగట్టు వైపు కావాలో, రోడ్డు వైపు కావాలో నువ్వే చెప్పరా. మొత్తం కావాలంటే మొత్తం తీసుకో, రాసిచ్చేస్తాను. కానీ అమ్మ ఆపరేషనయ్యేదాకా ఆ కేసు మాత్రం ఆపించు. ఆవిడ చెవిన పడితే తట్టుకోలేదు."

ఏ కేసన్నయ్యా అన్నాను. హైదరాబాదు ప్లీడరు చేత గుట్టుగా వేయిస్తున్నావటగా, ఊరంతా తెలిసేక ఇంకా నా దగ్గర దాపరికమెందుకన్నాడు. నాకు బోధపడటానికి కాస్త సమయం పట్టింది. ముందు ఒళ్ళు మండింది, ఇన్నేళ్ళు ఒక్క కంచంలో తిన్నవాడి గురించి ఇంతమాట ఎలా నమ్మాడని. మరుక్షణంలోనే, నమ్మి కూడా పోట్లాటకి రాకుండా తోట మొత్తం ఇచ్చెయ్యడానికి వచ్చాడే అని తోచింది. కత్తిపీట తెచ్చి అట్టపెట్టె తాళ్ళు కోసి, నల్లటి ఇనప పెట్టెని ఎత్తి ఆయన ముందు పెట్టాను.

"ఇదేనన్నయ్యా నేను వేయించిన కేసు."

అన్నయ్య వంగి దాన్ని వేలితో కొట్టి చూశాడు. తలుపు తీసి లోపల ఖాళీగా ఉండటం చూశాడు. అప్పుడు మొదలైన నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చి, చివరికి కండువాతో కళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూలబడిపోయాడు. నేనూ పక్కన కూర్చున్నాను, నాకూ కళ్ళు తడిసే ఉన్నాయి. వదినగారు తమ చుట్టాన్ని తిట్టడం మొదలుపెట్టారు. లోపల పడుకున్న అమ్మ అంతా వింటూనే ఉందని మాకు అప్పుడు తెలిసింది.

"కోర్టుకెళ్ళేంత ఆస్తి మీ నాన్నగారు ఎక్కడిచ్చేర్రా మీకు!" అంది గదిలోంచి.

పాత పెట్టెలోని సరుకంతా కొత్త పెట్టెలోకి మార్చి, మరమేకుల కింద సైకిలు ట్యూబు కత్తిరించిన ముక్కలు వేసి బిగించాను. పిండిమర ఆగిపోయింది గాని, తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నటి రొద మిగిలింది. అమ్మ గొంతు పైకి ఎత్తినప్పుడు అది తెలిసేది కాదు, అప్పగింతల పాట దగ్గర మాత్రం దాచినా దాగేది కాదు. కాకినాడ వెళ్ళే రోజు దగ్గరపడుతోంది. ఇంకేం చెయ్యాలో తోచక తల పట్టుకుని కూర్చున్నాను. అన్నయ్య కాసేపు పెట్టెని, కాసేపు గోడని చూసి తన వైపు వెళ్ళిపోయాడు. తరవాత అవతల నుంచి ఉలీ సుత్తీ చప్పుడు వినబడింది. గోడ పెట్టించిన రోజున కంటతడి పెట్టిన మనిషి ఆ గోడకే కన్నం పొడుస్తున్నాడు.

ఏర్పాటు ఇలా కుదిరింది. కంప్యూటరు అన్నయ్య వైపు, వదినగారి కుట్టుమిషను బల్ల మీద. మైకు తీగ కన్నంలోంచి మా వైపుకి. ఇవతల గదిలో అమ్మా నేనూ. నేను గోడ మీద తట్టగానే అవతల అన్నయ్య తెర మీది ఎర్రటి గుండ్రం మీద నొక్కాలి, పాటయ్యాక మళ్ళీ తడితే ఆపాలి. మౌసుని ఎలక అంటే నిజంగానే పారిపోతుందేమోనన్నట్టు దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కరెంటు ఉన్న పూటల్లో, తలమీద ఫ్యానులు ఆపేసి, చెమటలు కక్కుతూ పాట తరవాత పాట పట్టాం. వదినగారు అంట్లు కూడా తోమించేవారు కాదు.

అప్పగింతల పాట ఆఖరికి ఉంచుకున్నాం. అమ్మ కళ్ళు మూసుకుని పాడింది. ఆ గొంతు అలా ఇంక వినబడదేమో అన్న ఆలోచన నన్ను పట్టుకుంది, పాట అయిపోయినా నా చెయ్యి గోడ మీదకి వెళ్ళలేదు. గదిలో ఏ చప్పుడూ లేదు. అప్పుడు కన్నంలోంచి, ఊపిరి బిగబట్టిన గొంతుతో అన్నయ్య అడిగాడు.

"అయ్యిందేంట్రా? దగ్గొచ్చా?"

దగ్గన్నయ్యా అన్నాను. అన్ని మధ్యాహ్నాలూ అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడినట్టు దగ్గాడు. అమ్మ పకపకా నవ్వింది. అవన్నీ అందులోకి ఎక్కేశాయి.

ఆపరేషను బాగా జరిగింది. మాట బొంగురుగా తిరిగొచ్చింది, పాట రాలేదు. తరవాత చుట్టాల పెళ్ళిళ్ళల్లో సీడీ పెడుతుంటే అమ్మ వెనక వరసలో కూర్చుని తన పాటకి తానే పెదవులు కదిపేది. అమ్మ వెళ్ళిపోయింది. కొన్నేళ్ళకి అన్నయ్య కూడా, ఆ దగ్గుతోనే వెళ్ళిపోయాడు. గోడలో కన్నానికి వదినగారు కొబ్బరిపీచు కుక్కి ఉంచారు, పూడ్పించనివ్వరు.

మా అమ్మాయికి బరువైన పెట్టె తీసుకోమని చెప్పాను. సలహాకి బదులుగా కాబోలు, నాయనమ్మ పాటల్ని ఏదో చేసి, రొదంతా తీసేసి శుభ్రంగా ఫోనుకి పంపింది. నిజం చెప్పాలంటే ఎంతో బాగున్నాయి. కాకి అరుపు లేదు, తుమ్మెద రొద లేదు, అమ్మ చెవి పక్కన కూర్చుని పాడినట్టే ఉంది. అప్పగింతల పాట అవగానే మాత్రం టక్కున ఆగిపోయింది. ఆ తరవాతది పాటలో భాగం కాదుగా, పిల్ల తీసేసింది. బాగుందమ్మా అన్నాను, బాగానే ఉంది కాబట్టి.

ఇప్పుడు పెళ్ళిళ్ళల్లో వియ్యపురాలిని పాటతో ఏడిపించేవాళ్ళు లేరు, ఆ పెద్ద స్పీకర్ల హోరులో ఏడిపించినా వినబడదు. చప్పుడు చెయ్యని పెట్టెలు ఇప్పుడు కోరినన్ని దొరుకుతున్నాయి. ఇంట్లో కూడా అరుగు మీద గాని, గోడ అవతల గాని ఏ చప్పుడూ లేదు. అప్పట్లో ఊళ్ళు తిరిగి వెతుక్కున్న నిశ్శబ్దం ఇప్పుడు అడక్కుండానే వచ్చి పడింది, దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

కొత్త కంప్యూటర్లకి ఆ సీడీ పెట్టుకునే చోటే లేదు. అందుకని ఆ నల్ల పెట్టెని పారెయ్యకుండా ఉంచాను. మధ్యాహ్నం భోజనమయ్యాక అప్పుడప్పుడు దాన్ని వేసి పాత సీడీ పెడతాను. అమ్మ పాడుతుంది. కాసేపు ఏమీ వినబడదు. అన్నయ్య అడుగుతాడు. అందులో నేను జవాబు చెప్పేలోపలే ఇక్కడ కుర్చీలో నేను చెబుతాను. ఆ దగ్గు పూర్తయ్యేదాకా మీట నొక్కను.